వాగ్దానం కాని కార్డు

"అయ్యగారూ, వాక్యం ఏ పద్ధతిలో చదివితే దేవుడు మాట్లాడతాడంటారు?" అని నతానియేలు అడిగాడు.

అడగడం అదే మొదటిసారి అయితే నేనూ భక్తిగానే వినేదాన్ని. పాస్టరైన మా ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికని ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ అబ్బాయి అడిగింది ఇదొక్కటే. మాటలు మారేవి గానీ ప్రశ్న మారేది కాదు. ఒకసారి మోకాళ్ళ మీద చదవాలా, కూర్చుని చదవాలా అన్నాడు. ఇంకోసారి పైకి చదవాలా, మనసులో చదవాలా అన్నాడు. ఆదికాండం నుంచి వరసగా వెళ్ళాలా, సువార్తలతో మొదలుపెట్టాలా అన్న బెంగతో కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదు. తర్వాత రంగు పెన్సిళ్ళు కొనుక్కొచ్చి వాగ్దానాల కింద పచ్చగీత, ఆజ్ఞల కింద ఎర్రగీత గీయడం మొదలెట్టాడు. తెల్లారకముందే లేచి చదివేవాడు, కాఫీ వేళకి ముఖం వేలాడేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేవాడు. "ఇవాళ కూడా ఏమీ మాట్లాడలేదు అమ్మగారూ" అని నాతో చెప్పుకునేవాడు. పిల్లాడు మంచివాడే. అబద్ధమాడడు, ఒకరి జోలికి పోడు. కానీ మంచివాళ్ళతో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళకే తెలుస్తుంది.

నా బాధ ఇంకొకటుంది. మా వాడకం నీళ్ళు పోయే కాలవ పెరట్లో పూడిపోయింది. ఆ నీళ్ళన్నీ పోయి వెనకింటి సూరాయమ్మ గారి గోడ మొదట్లో నిలుస్తున్నాయి. ఆవిడ ఒంటరి మనిషి, అది మట్టిగోడ. "గోడ నానిపోతోందండీ అమ్మగారూ, కూలిందంటే మళ్ళీ పెట్టుకునే ఓపిక నాకు లేదు" అని పాపం ఎన్నిసార్లు దడి దగ్గర నిలబడి చెప్పిందో. మా అయ్యగారికా, నడుము వంగదు. "నాయనా, ఆ కాలవ కాస్త తీసిపెట్టు" అని నతానియేలుకి చెబితే "ధ్యానం అవగానే తీస్తానమ్మగారూ" అనేవాడు. ఆ ధ్యానం అయ్యేదీ కాదు, ఆ పూడిక పోయేదీ కాదు.

ఇక మా అయ్యగారి సంగతి. కృపావరం అయ్యగారంటే చుట్టుపక్కల సంఘాల్లో మంచి పేరే ఉంది, కాదనను. కానీ కాపురం చేసినదాన్ని నేను గనక నా మాట వినండి: ఆయన్ని సూటిగా ఒక మాట అడిగి సూటిగా జవాబు రాబట్టినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే దానికీ ఒక సంగతి ఎత్తుకుంటారు. ఆ వేళ కూడా ప్రశ్న విని, కళ్ళద్దాలు తీసి ఉత్తరీయం అంచుతో తుడుచుకోవడం మొదలెట్టారు. అది చూడగానే ఇక తెమలదని నాకు అర్థమైపోయింది. చేటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరుకుంటూ అక్కడే చతికిలబడ్డాను. ఆయన చెప్పింది వేగిలంక ఆశీర్వాదం గారి సంగతి. అది జరిగినప్పుడు నేనూ ఉన్నాను గనక, ఆయన మింగేసినవి కూడా కలిపి చెబుతాను.

వేగిలంకలో మేం ఉన్న రోజుల్లో ఆశీర్వాదం గారు సంఘ పెద్ద. వాక్యం చదవడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఏటా బైబిలు ఈ చివర నుంచి ఆ చివరకు చదివి, క్రిస్మస్ ఆరాధనలో లేచి నిలబడి "దేవుని కృపవల్ల ఈ ఏడు కూడా ముగించాను" అని సాక్ష్యం చెప్పేవారు. సంఘమంతా స్తోత్రం అనేది. ఎవరైనా ఒక వచనం సగం చెబితే మిగతా సగం ఆయన నోట్లోంచి వచ్చేసేది. ప్రసంగంలో మా అయ్యగారు ఒక్క మాట అటూ ఇటూ అంటే ముందు వరసలోంచి దగ్గు వినిపించేది, అది ఆయనదే.

ఆయనకో తమ్ముడు, ఏలీషా అని. తండ్రి పంచి ఇచ్చిన పొలం చెక్కల్లో కాలవ పక్కది అన్నగారిది, దాని దిగువది తమ్ముడిది. తమ్ముడి చేలోకి నీళ్ళు దిగాలంటే అన్నగారి చేలోంచి వెళ్ళే బోదె ఒక్కటే దారి. ఆ ఏడు కోతపండుగలో ఇద్దరికీ చెడింది. దేనికి చెడిందో చెబితే మీకు నవ్వొస్తుంది గానీ, పచ్చటి సంసారాలు ఇంతకంటే చిన్నవాటికే కూలిపోయాయి. కోతపండుగ నాడు అందరూ గుమ్మడికాయో, అరటిగెలో, కోడో తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని మందిరం వాకిట్లో వేలం వేస్తారు. ఆశీర్వాదం గారు ఎంతో ముద్దుగా పెంచుకున్న పుంజును తెచ్చి పెట్టారు. అందరూ ఆహా అన్నారు. ఆయన ఎత్తు ఏమిటంటే, వేలంలో దాన్ని మళ్ళీ తనే పాడుకుని ఇంటికి తీసుకుపోదామని. ఇచ్చిన పేరు మిగులుతుంది, పుంజూ మిగులుతుంది. పెద్దాయన పుంజు మీద పోటీకి ఎవరొస్తారు? తమ్ముడొచ్చాడు. అన్న పాట పెంచితే తమ్ముడూ పెంచాడు, ఇద్దరి మాటా పెరిగింది, చివరికి పుంజు ఏలీషా చంకలోకి పోయింది. వాడైనా ఊరుకున్నాడా? ఆ సాయంత్రమే దాన్ని కోసి కూర వండుకున్నాడు. ఆ వాసన గోడ దాటి అన్నగారి అరుగు మీదికి వచ్చింది. మర్నాడు ఆశీర్వాదం గారు పార పట్టుకెళ్ళి బోదెకు అడ్డంగా మట్టి వేసి కట్టేశారు. దేవుడికి ఇచ్చేశాక అది ఆయన పుంజు ఎలా అయిందని మాత్రం ఊళ్ళో ఎవరూ అడగలేదు.

అవి దాళ్వాకు, అంటే రెండో పంటకు, నారు పోసిన రోజులు. అన్నగారి మడి కళకళలాడుతోంది, తమ్ముడి మడి నెర్రెలు తీసింది. ఏలీషా, వాడి భార్య ఎక్కడో దూరాన మురుగుకాలవ నుంచి బిందెలతో మోసుకొచ్చి పోస్తున్నారు. బిందెలతో పోస్తే మడి తడుస్తుందా! నారు ఎండితే దాళ్వా లేదు. దాళ్వా లేకపోతే పిల్లలకి ఏం పెట్టాలో ఆ మొగుడూ పెళ్ళాలకి తెలియదు. మా అయ్యగారు వెళ్ళి "నీళ్ళు వదలండి, పిల్లలు గలవాడు" అని చెప్పారు. ఆశీర్వాదం గారు సాంతం విని తలూపారు. "ఆ విషయం దేవుని సన్నిధిలో పెట్టానండి, ఇంకా నాతో ఏమీ మాట్లాడలేదు" అన్నారు. అని ఊరుకున్నా బాగుండేది. మర్నాడు తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని, గోడవతల తమ్ముడికి వినపడేలా, ప్రేమను గురించిన అధ్యాయం గొంతెత్తి చదివారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో కొత్త సంవత్సరం వచ్చింది. మన సంఘాల్లో ఆ రోజు వాగ్దాన కార్డులు పంచుతారు కదా. పళ్ళెంలో కార్డులు బోర్లించి తిప్పుతారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఏ మాట వస్తే ఆ ఏడాదికి అదే దేవుడు తమతో అన్న మాట అని జనం గోడకి అంటించుకుంటారు. ఏటా పట్నం నుంచి అచ్చు కార్డులు తెప్పించేవాళ్ళం. ఆ ఏడు అయ్యగారు వద్దన్నారు. పాత శుభలేఖలు కత్తిరించే పని నాకు అప్పజెప్పి, వాటి వెనకవైపు తనే కూర్చుని రాశారు. రాసినవి ఒక్కొక్కటీ తిరగేసి చూశాను. హెచ్చిస్తాను, దీవిస్తాను, నిన్ను విడువను అనే మాటలు సగమే ఉన్నాయి. మిగతావన్నీ మనల్ని చేయమని చెప్పిన మాటలు.

"ఇవి పంచితే జనం మనల్ని ఊళ్ళోంచి తరుముతారండీ" అన్నాను.

"అవీ ఆయన అన్నవేగా" అన్నారు. ఆ మనిషికి ఇంకేం చెబుతాం?

నేనన్నంతా అయింది. చాడీలు చెప్పవద్దన్న మాట వచ్చినావిడ "ఇది మా తోటికోడలికి రావలసింది, చెయ్యి తప్పి నాకొచ్చింది" అంది. తాగుడు మానమన్న మాట వచ్చినాయన కార్డు జేబులో దాచుకుని ఎవరడిగినా చూపించలేదు. వాకిట్లో మార్పిళ్ళు మొదలయ్యాయి. నాది తీసుకో, నీది ఇవ్వు, దీవెన వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటూ దేవుని మాటను సంతలో వంకాయల్లా బేరమాడుతున్నారు. కొందరు ధైర్యం చేసి నా దగ్గరకే వచ్చి, "అమ్మగారూ, మంచిది ఏదైనా పక్కన పెట్టారా?" అని గుసగుసగా అడిగారు. ఇవి చెడ్డవా తల్లీ అందామనుకుని, పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను.

ఆశీర్వాదం గారు ఎవరితోనూ మార్చుకోలేదు. ఆయన తిన్నగా అయ్యగారి దగ్గరకే వచ్చారు. ఆయనకు వచ్చింది కానుక సంగతి. నీ మీద నీ సహోదరుడికి మనసు నొచ్చి ఉందని గుర్తొస్తే, తెచ్చిన కానుక అక్కడే విడిచి, ముందు వెళ్ళి అతనితో సమాధానపడమన్న మాట. అయ్యగారు కావాలని ఆయనకి అందేలా చేశారా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. పళ్ళెం తిప్పింది నేను, కళ్ళు మూసుకుని తీసింది ఆయన. కాకపోతే అదే మాట ఇంకా చాలా కార్డుల మీద ఉందని రాసినవన్నీ చూసిన నాకు తెలుసు.

"దీన్ని మార్చండి. ఇది వాగ్దానం కాదు" అన్నారు ఆశీర్వాదం గారు.

"కాదండీ" అని అయ్యగారు ఒప్పుకున్నారు.

"నాకు తెలియని మాటా ఇది? ఏ అధ్యాయమో, ఎన్నో వచనమో నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"అయితే మీకు అర్థం చెప్పే పని నాకు తప్పింది" అన్నారు అయ్యగారు. కార్డు మాత్రం మార్చలేదు.

ఆ వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన. ఏడాదిలో మొదటి ఆదివారం ఆశీర్వాదం గారు కొత్త బియ్యం మూట కృతజ్ఞత కానుకగా తేవడం ఆనవాయితీ. ఆ ఏడూ తెచ్చారు. ఇస్త్రీ పంచె కట్టుకుని, మూట భుజాన పెట్టుకుని, కానుకల పాట జరుగుతుండగా నడిచి వచ్చి బల్ల ముందు దించారు. ఇక అయ్యగారు చెయ్యి ఎత్తి ప్రార్థన చేయాలి. ఆయన ఎత్తలేదు. "అక్కడ పెట్టి వెళ్ళి రండి. మీరు వచ్చేదాకా మేం కూర్చుంటాం" అన్నారు. నెమ్మదిగానే అన్నారు గానీ, పాట ఆగిపోవడంతో చివరి చాప దాకా వినిపించింది.

ఆశీర్వాదం గారి ముఖం కందగడ్డలా అయింది. "నలుగురిలో నా పరువు తీస్తారా? ఈ మందిరం పునాదికి మట్టి మోసింది ఎవరనుకున్నారు? మళ్ళీ ఈ గడప తొక్కితే నా పేరు ఆశీర్వాదం కాదు!" అని ఉత్తరీయం దులుపుకుని వెళ్ళిపోయారు. అయ్యగారు పోయి కుర్చీలో కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. పాటలు పాడాం. వచ్చిన పాటలన్నీ అయిపోయాక పిల్లల ఆదివారపు బడి పాటలు కూడా పాడాం. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. పొయ్యి మీద పులుసు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు నావంక చూస్తారు, నేను ఆయనవంక చూస్తాను, ఆయన చక్కగా కళ్ళు మూసుకున్నారు. ఆఖరికి ఒకాయన లేచి, "అయ్యగారూ, ఆయన రాడు. మా బల్ల మాకిచ్చేయండి, పొద్దెక్కిపోయింది" అన్నాడు. అయ్యగారు కళ్ళు తెరవకుండానే "కానుక ఇక్కడే ఉంది కదా" అన్నారు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్దాయన వెళ్ళిపోతే సంఘం రెండు ముక్కలవుతుంది. ఆ రెండు ముక్కల్లో ఏదీ మాకు పిడికెడు బియ్యం పెట్టదు. అది ఆయనకి తెలియక కాదు.

పొలంలో జరిగింది తర్వాత ఏలీషా చెప్పగా విన్నాం. ఆశీర్వాదం గారు ఇంటికి వెళ్ళారట గానీ లోపలికి పోలేదు. అరుగు పక్కనున్న పార అందుకుని చేలోకి నడిచారు. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నారు. మా అయ్యగారిని తిట్టారు, కార్డును తిట్టారు, పుంజును తిట్టారు, దాన్ని తిన్నవాణ్ణి తిట్టారు. బిందెతో వస్తున్న ఏలీషా అన్నగారి చేతిలో పార చూసి, కొట్టడానికే వస్తున్నాడనుకుని భార్యను వెనక్కి నెట్టాడు.

"ఒరేయ్, నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి రాలేదు నేను!" అని ఆశీర్వాదం గారు గట్టు మీంచి అరిచారు. "నిన్ను చూస్తుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతోంది. నా మూట అక్కడ దిక్కూ దివాణం లేకుండా పడుంది. ఊరంతా నాకోసం నోళ్ళు తెరుచుకుని కూర్చుంది!" ఇస్త్రీ పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగారు. తను వేసిన మట్టి తనే తవ్వి గట్టు మీదికి విసిరారు. కట్ట తెగింది. నీళ్ళు తమ్ముడి చేలోకి దిగి, నెర్రెలన్నీ నింపుకుంటూ నారుమడిలోకి పాకాయి. ఏలీషా భార్య ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చిందట. ఏలీషా బిందె దించి, "అన్నయ్యా, ఆ పుంజు సంగతి..." అని మొదలెట్టాడు.

"పుంజు మాటెత్తావంటే మళ్ళీ కట్టేస్తాను. నడు మందిరానికి" అన్నారు అన్నగారు.

ముందు భుజాన పారతో అన్న, వెనక తమ్ముడు, వాడి వెనక తడిచీరతో వాడి భార్య, మోకాళ్ళ దాకా బురదతో అందరూ మందిరంలోకి వచ్చారు. పిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు. ఆశీర్వాదం గారు పార గుమ్మం పక్కన ఆనించి, వచ్చి మూట పక్కన నిలబడి, "ఇక కానివ్వండి మీ ప్రార్థన" అన్నారు, విసుగ్గా. అయ్యగారు లేచి, చెయ్యి ఎత్తి, ఆగిన చోటు నుంచే మొదలుపెట్టారు. బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే మోకరించారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాళ్ళు ఆ రోజే కౌగిలించుకున్నారని చెబితే నేను అబద్ధమాడినట్టు. పార అక్కడే మరిచిపోయి వెళ్ళిపోతే మర్నాడు పంపించాం. ఆశీర్వాదం గారు దాన్ని తిప్పి పంపేశారు. "మీ దగ్గరే ఉంచండి, వచ్చే ఏడు మళ్ళీ కార్డులు రాస్తారుగా" అన్నారట. మాకు ఏ ఊరు బదిలీ అయినా సామానుతోపాటు ఆ పార కూడా బండి ఎక్కుతూనే ఉంది.

సంగతి అయిపోయింది. నతానియేలు రెండు చేతులూ బైబిలు మీద పెట్టి తల వంచాడు. ఇప్పటికైనా తలకెక్కిందని నేను లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ స్తోత్రం పూర్తి కానిచ్చాడా?

"అయ్యగారూ, నాకొక్క సందేహం. ఆయన హృదయం మారలేదు కదండీ. మనసు లేకుండా తిట్టుకుంటూ చేసినదాన్ని లోబడటం అంటారా?" అన్నాడు.

నా చేతిలో చేట ఆ పిల్లాడి మీదికి విసిరేద్దామా అనిపించింది.

"నారు బతికింది" అన్నారు అయ్యగారు.

నతానియేలు అదీ గొప్ప మాటే అన్నట్టు తలూపి, ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచి ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. "చాలా బాగుందండీ. మరి ఇంతకీ వాక్యం ఏ పద్ధతిలో చదవమంటారు?"

వెనకింట్లో సూరాయమ్మ గారు గోడ మొదట్లోని నీళ్ళు చెంబుతో ఎత్తిపోసుకుంటున్నారు, ఆ చప్పుడు మా వసారాలోకి వినిపిస్తోంది. అయ్యగారు అది విని, కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"పార వంటింటి వెనక గోడకి ఆనించి ఉంది నాయనా" అన్నారు.